హీరో వార్త – మన పిల్లలు

మా అడిక్‌మెట్ నుంచి ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ నడిచి వెళ్ళేంత దూరమే. అక్కడి సంధ్య థియేటర్లో 2024 డిసెంబర్ 4 రాత్రి 'పుష్ప-2' ప్రీమియర్ షో. హీరో అల్లు అర్జున్ కూడా వచ్చారు. తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. 13న హీరోని అరెస్టు చేశారు. హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చినా ఆ రాత్రి చంచల్‌గూడ జైల్లో ఉండి, మర్నాడు పొద్దున విడుదలయ్యారు.

మా పక్కింటి ఇంటర్ అమ్మాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "జైల్లో ఎలా పడుకున్నాడో పిన్నీ!" అని ఒకటే ఏడుపు. "మరి ఆ పిల్లాడెలా ఉన్నాడే?" అంటే తెల్లమొహం వేసింది.

దాన్ని రాతిగుండె అనకండి. హీరో ముఖం చిన్నప్పట్నుంచీ చూస్తోంది, ఇంట్లో మనిషైపోయాడు. ఆ తల్లిని ఎన్నడూ చూడలేదు. టీవీ వాళ్ళు చూస్తే, కెమెరాలు హీరోగారి గేటు ముందు పెట్టారాయె! పదే పదే చూసిన ముఖం వైపే మనసు పోతుంది.

అంచేత "సినిమా పిచ్చి మానవే" అని తిడితే లాభం లేదు. (మనం మాత్రం చూడమా ఏమిటి!) "ఈ వార్తలో ఇంకెవరున్నారు?" అని అడగండి చాలు. నేనదే అడిగాను. పేపర్లన్నీ తిరగేసి, పిల్లాడి సంగతి లోపలి పేజీలో పట్టుకుంది. ఆ తర్వాత వదల్లేదు. దాదాపు అయిదు నెలలకి, 2025 ఏప్రిల్ ఆఖర్న, వాణ్ణి ఆస్పత్రి నుంచి పంపారనీ, అదీ ఇంటికి కాదు, ఇంకో చికిత్సా కేంద్రానికనీ నాకు చెప్పింది ఆ అమ్మాయే.