హీరో ఓడిపోతే చూడగలరా?

పద్మనాభం నుంచి మధురవాడలో ఆఫీసుకి బస్సులో వెళ్లి వచ్చేసరికి దాదాపు ఒక సినిమా అయిపోతుంది. పొద్దున ఫస్టాఫ్, సాయంత్రం సెకండాఫ్. చెవిలో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఫోన్, కిటికీ పక్క సీటు దొరికితే అంతకంటే ఏం కావాలి!

అలా ఒకరోజు 'ద చేజర్' అనే కొరియన్ సినిమా పెట్టాను. వరస హత్యలు చేసే వాడి కథ. సినిమా మొదలై గంట కూడా కాలేదు, వాడు పోలీసులకి దొరికేశాడు. పైగా "అవును, నేనే చంపాను" అని తాపీగా ఒప్పేసుకున్నాడు. 'ఏటిది, కథ అయిపోయిందా?' అనుకున్నా. చూస్తే ఇంకా గంటకు పైనే ఉంది. అసలు కథ అప్పుడే మొదలైంది. ఒప్పుకున్నాడు సరే, సాక్ష్యం ఏది? శవాలు ఏవి? టైమ్ అయిపోతే వదిలేయాల్సిందే. ఇంకోపక్క ఒక అమ్మాయి ప్రాణాలతో ఉందో లేదో తెలీదు. ఆ టెన్షన్‌లో నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

థ్రిల్లర్లు, యాక్షన్ సినిమాలంటే పడిచచ్చేవాళ్లు మా ఆఫీసులో బోలెడుమంది. కానీ కొరియన్ అనగానే "బాబోయ్, సబ్‌టైటిల్స్ ఎవరు చదువుతారు?" అంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

మీరు ఇప్పటికే చూసేశారు!

కొరియన్ సినిమా మనకి కొత్తేం కాదు. సమంత నటించిన 'ఓ బేబీ' (2019) గుర్తుందిగా? అది 2014లో వచ్చిన 'మిస్ గ్రానీ'కి రీమేక్. రెజీనా, నివేదా థామస్ చేసిన 'శాకిని డాకిని' (2022) కూడా అంతే. దానికి మూలం 'మిడ్‌నైట్ రన్నర్స్' (2017). అందులో పోలీస్ అకాడమీలో చదివే ఇద్దరు కుర్రాళ్ల కళ్లముందే ఒక కిడ్నాప్ జరుగుతుంది. మన దర్శకుడు సుధీర్ వర్మ ఆ ఇద్దరినీ అమ్మాయిల్ని చేశాడు. హిందీలో జాన్ అబ్రహం 'రాకీ హ్యాండ్సమ్' (2016) కూడా అక్కడి నుంచి వచ్చిందే.

మరి రీమేక్ చూశాక ఒరిజినల్ ఎందుకు? నాకు తోచిన జవాబు ఒకటే. మన సినిమాలో హీరో గెలుస్తాడని టికెట్ కొన్నప్పుడే తెలుసు. ఎలా గెలుస్తాడన్నదే మజా. దాన్ని నేను తక్కువ చేయను. జగదాంబ సెంటర్‌లో ఫస్ట్ డే ఫస్ట్ షోకి కాగితాలు ఎగరేసినవాణ్ణే నేను కూడా. కొరియన్ థ్రిల్లర్‌లో మాత్రం ఆ గ్యారంటీ ఉండదు. హీరో లేటుగా రావచ్చు, తప్పు మనిషిని కొట్టొచ్చు, ఓడిపోనూ వచ్చు. అందుకే ప్రతి సీనూ నిజంగా భయపెడుతుంది.

ఒక్కో మెట్టు ఎక్కండి

మా ఊళ్లో అనంత పద్మనాభస్వామి కొండ ఎక్కేవాళ్లకి పెద్దవాళ్లు ఒకటే చెబుతారు, మొదట్లోనే పరిగెత్తొద్దని. ఇక్కడా అంతే. ఈ వరసలో చూడండి.

మొదటి మెట్టు 'ట్రెయిన్ టు బుసాన్' (2016). సియోల్ నుంచి బుసాన్ వెళ్లే రైలు. అందులో ఒక తండ్రి, చిన్న కూతురు. రైల్లో జాంబీలు. కథ ఇంతే. కానీ జాంబీల కంటే తలుపు మూసేసి సాటి మనుషుల్ని లోపలికి రానివ్వని ప్రయాణికుల్ని చూస్తేనే ఎక్కువ భయమేస్తుంది. చేతికి టేపు చుట్టుకుని జాంబీల్ని గుద్దే మా డాంగ్ సోక్ అయితే అచ్చం మన మాస్ హీరోనే. చివర్లో ఏడవకుండా ఉంటే నాకు చెప్పండి.

రెండోది 'ద మ్యాన్ ఫ్రమ్ నోవేర్' (2010). ఎవరితోనూ మాట్లాడకుండా తాకట్టు కొట్టు నడుపుకునే మనిషి. పక్కింటి పాపని ముఠావాళ్లు ఎత్తుకెళ్తే అతని పాత జీవితం బయటికొస్తుంది. 'రాకీ హ్యాండ్సమ్'కి మూలం ఇదే. చివర్లో వచ్చే కత్తి ఫైట్‌లో స్లో మోషన్ హంగామా ఉండదు. ఇరుకు జాగాలో, దగ్గర దగ్గరగా, ఊపిరి ఆడనట్టు ఉంటుంది. ఆ ఏడాది కొరియాలో వాళ్ల సినిమాలన్నిటికంటే ఎక్కువ మంది చూసింది దీన్నే.

మూడోది 'ఎ హార్డ్ డే' (2014). ఒక అవినీతి పోలీసు. తల్లి అంత్యక్రియల సమయంలోనే కారుతో ఎవరినో గుద్దేస్తాడు. శవాన్ని ఎక్కడ దాచాలి? తల్లి శవపేటికలోనే! నవ్వాలో భయపడాలో తెలీదు. హీరోగా చేసిన ఇ సాన్ గ్యూన్‌ని మీరు 'పారసైట్'లో డబ్బున్న ఇంటాయనగా చూసే ఉంటారు.

నాలుగోది, ముందే చెప్పిన 'ద చేజర్' (2008). దర్శకుడు నా హాంగ్ జిన్‌కి ఇదే మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు.

ఐదో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోండి. 'ఓల్డ్‌బాయ్' (2003), 'ఐ సా ద డెవిల్' (2010). మొదటి దాంట్లో ఒకణ్ణి కారణం చెప్పకుండా 15 ఏళ్లు గదిలో బంధించి, ఒకరోజు వదిలేస్తారు. సుత్తి పట్టుకుని వరండాలో అతను చేసే ఫైట్ మొత్తం ఒకే షాట్. 2004లో కాన్ పండగలో గ్రాండ్ ప్రీ అందుకున్న సినిమా ఇది. రెండో దాంట్లో, కాబోయే భార్యని చంపినవాణ్ణి హీరో పట్టుకుంటాడు, కొడతాడు, వదిలేస్తాడు, మళ్లీ పట్టుకుంటాడు. పగ తీర్చుకోవడంలో మజా ఉందనుకునేవాళ్లు ఇది చూసి తీరాలి. ఈ రెండూ పెద్దవాళ్లకి మాత్రమే. హాల్లో టీవీలో పెట్టి అమ్మ చేత తిట్లు తినొద్దు.

మన పొలాల్లాంటి పొలాలు

ఆఖరి మెట్టు 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' (2003). 'పారసైట్'తో నాలుగు ఆస్కార్లు గెలుచుకున్న బాంగ్ జూన్ హో చాలా ముందే తీసిన సినిమా. మొదటి సీన్‌లో పండిన వరి చేలు, మట్టి రోడ్డు, ట్రాక్టర్, వెనకాల పిల్లలు. అచ్చం మనవైపు పల్లెటూరే. ఆ చేను గట్టు పక్క తూములో ఒక అమ్మాయి శవం.

ఇది నిజంగా జరిగిన కథ. సియోల్‌కి దక్షిణాన హ్వాసాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 వరకు పదిమంది హత్యకు గురయ్యారు. పోలీసులు వేలమందిని ప్రశ్నించారు. సినిమాలో డిటెక్టివ్ (సాంగ్ కాంగ్ హో) "ముఖం చూస్తే చాలు, కళ్లు చూస్తే చాలు, ఎవడు దొంగో చెప్పేస్తా" అనే రకం. దొరికినవాణ్ణల్లా కొట్టి ఒప్పిస్తాడు. మొదట్లో నవ్వొస్తుంది. తర్వాత రాదు. సినిమా వచ్చేనాటికి హంతకుడు ఎవరో ఎవరికీ తెలీదు.

2019లో డీఎన్‌ఏ పరీక్షతో అసలువాడు బయటపడ్డాడు. 1994లో ఇంకో హత్య చేసి అప్పటికే జైల్లో ఉన్నాడు. ఈ కేసులకి గడువు తీరిపోయింది కాబట్టి వీటికి శిక్ష వేయడానికి వీల్లేకపోయింది. అంతకంటే ఘోరం ఇంకోటుంది. ఆ పదిలో ఒక హత్యకి పోలీసులు వేరే కుర్రాణ్ణి పట్టుకుని, హింసించి ఒప్పించారు. దాదాపు 20 ఏళ్లు జైల్లో గడిపాడు. 2020 డిసెంబర్‌లో కోర్టు అతన్ని నిర్దోషి అంది.

'అది కొరియా కదా' అనుకోకండి. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే పోయాయి. మరి చంపిందెవరు? ఆ అమ్మాయి తల్లిదండ్రులు అడుగుతూనే వచ్చారు.

నాకు ఆ సినిమా అంతగా తగలడానికి ఇంకో కారణం ఉంది. నేను టెన్త్‌లో ఉండగా మా అమ్మమ్మగారి ఊళ్లో పొలాల మోటార్లు వరసగా పోయాయి. పక్క వీధి కుర్రాడి మీద అనుమానం. "ఆడి మొహం చూస్తే తెలడంలేదేటి?" అన్నారు పెద్దలు. రచ్చబండ దగ్గర కట్టేసి కొట్టారు. చుట్టూ నిలబడి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. నిజం చెప్పాలంటే సినిమా చూసినట్టే చూశాను. నెల తర్వాత మోటార్లతో సహా వేరే ముఠా దొరికింది. ఆ కుర్రాడికి ఎవరూ సారీ చెప్పలేదు.

చిన్న చిట్కాలు

డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. పావుగంటలో అలవాటైపోతుంది. వాళ్లకీ మనలాగే పెద్దాచిన్నా పిలుపులుంటాయి. 'హ్యాంగ్' అంటే తమ్ముడు అన్నయ్యని పిలిచే పిలుపు. 'ద మ్యాన్ ఫ్రమ్ నోవేర్' అసలు పేరు 'అజ్జోషి', అంటే మన 'బాబాయ్', 'అంకుల్' లాంటిది. ఆ పాప అతన్ని పిలిచే పిలుపే సినిమా పేరు. మన 'మీరు', 'నువ్వు' తేడా కూడా వాళ్లకుంది. గొడవ ముదిరితే మర్యాద మాట ఎగిరిపోతుంది. డబ్బింగ్‌లో ఈ రుచి పోతుంది.

సినిమా పేరు వెతికేటప్పుడు కథ చదవకండి, ట్రైలర్ కూడా వద్దు. 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' మాత్రం బస్సులో కాకుండా రాత్రి ఒంటరిగా, ఫోన్ నోటిఫికేషన్లు ఆపేసి చూడండి. చివరి షాట్ గురించి నేనేం చెప్పను.

అమ్మమ్మ ఊరు వెళ్లినప్పుడల్లా ఆ మోటార్ల కుర్రాడు ఎదురుపడుతుంటాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. "ఎప్పుడొచ్చావు తమ్ముడూ?" అని నవ్వుతూ పలకరిస్తాడు. ఆ సినిమా చూసినప్పటి నుంచి, అతని కళ్లలోకి చూసి జవాబు చెప్పడం నాకు కష్టంగానే ఉంది.