వాద్యం నేర్చుకునే పిల్లలకు ఇంటి తోడు



మీ ఇంట్లోనో, మీ వీధిలోనో వీణ, వయొలిన్, మృదంగం, వేణువు, కీబోర్డు వంటి వాద్యాలలో ఏదో ఒకటి నేర్చుకుంటున్న పిల్లలు ఉండే ఉంటారు. మీలో కొందరు స్వయంగా నేర్చుకుంటూ ఉండవచ్చు. సాధారణంగా విజయదశమి నాడు గురువుగారికి తాంబూలం, దక్షిణ ఇచ్చి పాఠం మొదలుపెడతారు. మొదటి నెల ఇల్లంతా ఉత్సాహంగా ఉంటుంది. కానీ ఒకటి రెండేళ్లు గడిచేసరికి చాలా ఇళ్లలో ఆ వాద్యం గుడ్డ కప్పుకొని అటక ఎక్కుతుంది. కారణం అడిగితే, "మా వాడికి సంగీతం అబ్బలేదండీ" అని పెద్దవాళ్లు సమాధానం చెబుతారు. పిల్లవాడు కూడా అదే నమ్మి పెరుగుతాడు.

నిజంగా సంగీతం అబ్బలేదా? లేక అబ్బేదాకా ఇంట్లో తోడు దొరకలేదా? ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ప్రశ్న ఇదే.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. అందులో గురువుగారి దగ్గర గడిపేది మహా అయితే రెండు గంటలు. మిగిలిన 166 గంటలూ పిల్లలు ఇంట్లోనో బడిలోనో ఉంటారు. గురువు దారి చూపుతారు. ఆ దారిలో నడవడం మాత్రం ఇంట్లోనే జరగాలి. కాబట్టి ఇంటివారి పాత్ర చిన్నదేమీ కాదు. ఇంటివారంటే తల్లిదండ్రులు మాత్రమే కాదు, అన్నలూ అక్కలూ కూడా. అంటే మీరే.

అన్నగారి పాఠం

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు మీరు వినే ఉంటారు. కర్ణాటక సంగీతంలో వయొలిన్‌కు గొప్ప గౌరవం తెచ్చిన విద్వాంసుడు. 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్ననాడే చూపు మందగించడంతో ఆయనకు బడి చదువు సాగలేదు. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించని పిల్లవాడికి ఆ రోజుల్లో చదువుకునే మార్గాలు చాలా తక్కువ.

అటువంటి సమయంలో ఆయన చేతికి వయొలిన్ ఇచ్చి నేర్పినవారు అన్నగారు వెంకటకృష్ణయ్య. గురువు ఇంట్లోనే ఉన్నారు. తప్పు దొర్లితే ఆ క్షణంలోనే దిద్దగలిగారు. చూపు ఇవ్వలేని సమాచారాన్ని తమ్ముడు చెవితోనూ వేళ్లతోనూ సంపాదించుకున్నారు.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ప్రారంభమైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. విద్యార్థిగా చేరాలని వెళ్లిన వెంకటస్వామి నాయుడు గారి వాదన విని, ఆయనను అక్కడే వయొలిన్ ఆచార్యునిగా నియమించారని ప్రసిద్ధి. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ 'సంగీత కళానిధి' బిరుదు, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి.

ఆ కళాశాల పుట్టుక వెనుక కూడా ఒక పిల్లవాడి కథ ఉంది. సంస్థానంలో ఉద్యోగి అయిన ఒకరికి అంధుడైన కుమారుడు ఉండేవాడనీ, అతనికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయాలన్న ఆలోచనే పెరిగి కళాశాలగా రూపొందిందనీ చెబుతారు. ఒక బిడ్డకు తోడు చూడబోతే అది ఎందరికో విద్యాలయం అయింది. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల వంటివారు ఆ కళాశాలలోనే చదువుకున్నారు.

మొదటి ఏడాది ఎందుకు కష్టం?

బొమ్మలు గీసే పిల్లవాడికి మొదటి రోజే ఏదో ఒక బొమ్మ వస్తుంది. వాద్యం అలా కాదు. వయొలిన్ పట్టిన పిల్లలు కొన్ని నెలల పాటు కీచుమనే ధ్వనే వింటారు. వయొలిన్‌కు మెట్లు ఉండవు. స్వరస్థానం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. అదే సమయంలో కుడిచేతిలోని కమాను తీగ మీద నిటారుగా, సమమైన ఒత్తిడితో కదలాలి. చెవి వింటూ, తప్పును పసిగట్టి, వేలికి చెప్పాలి. ఇన్ని పనులు ఒకేసారి జరగాలి.

వీణకు 24 మెట్లు ఉంటాయి కనుక స్వరస్థానం కంటికి కనిపిస్తుంది. అయినా తీగను నొక్కే వేళ్లు మొదట్లో మండుతాయి. కొన్ని వారాలకు వేళ్ల కొనలు గట్టిపడి ఆ బాధ తగ్గుతుంది. మృదంగంలో రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేయాలి.

పాఠక్రమం కూడా ఓపికను కోరుతుంది. పురందరదాసు ఏర్పరచారని చెప్పే క్రమం ప్రకారం, మాయామాళవగౌళ రాగంలో సరళీస్వరాలతో మొదలుపెట్టి, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, ఆ తరువాత వర్ణాలు, కీర్తనలు నేర్పుతారు. ఇది చాలా శాస్త్రీయమైన క్రమం. కానీ పిల్లవాడు 'పాట' అనుకునేది చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలోనే చుట్టాలు వచ్చి, "ఏదీ, ఒక పాట వాయించు" అంటారు. పిల్లవాడు సరళీస్వరాలు వాయిస్తాడు. అందరూ నవ్వుతారు. మరునాడు వాద్యం ముట్టుకోవడానికి వాడికి మనసు రాదు.

ఎక్కువ మంది పిల్లలు ఆగిపోయేది ఇటువంటి చోటే. ఇది ప్రతిభ చాలక వచ్చిన ఆటంకం కాదు. ఫలితం కనిపించని కాలాన్ని ఒంటరిగా దాటవలసి రావడం వల్ల వచ్చింది.

పాలకొల్లు ఉదాహరణ

ఇంట్లో ఎవరికీ ఆ వాద్యం రాకపోతే ఏం చేయాలి? దీనికి సమాధానం పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో దొరుకుతుంది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969లో అక్కడ జన్మించారు. తండ్రి సత్యనారాయణ గారు వాద్యకారులు. ఆరేళ్ల వయసులో తండ్రి మాండొలిన్‌ను కొడుకు చేతిలోకి తీసుకుంటే, ఆయన మందలించలేదు. ఆసక్తిని గమనించి వాద్యం కొనిచ్చారు. తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు.

చిక్కేమిటంటే, సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. కర్ణాటక సంగీతానికి ఆ పాశ్చాత్య వాద్యం మీద అప్పటికి స్థిరపడిన బాణీ కూడా లేదు. అందుకని గురువు పాడేవారు, శిష్యుడు విని దానిని తీగల మీద పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో గురువు చెప్పలేకపోయినా, స్వరం సరిగా పలికిందో లేదో చెప్పగల చెవి ఎదురుగా ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొమ్మిదేళ్ల శ్రీనివాస్ కచేరీ చేశారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో మరణించే నాటికి మాండొలిన్ శ్రీనివాస్‌గా ప్రపంచమంతా ఆయనను ఎరుగును. తమ్ముడు రాజేష్‌కు గురువు కూడా ఆయనే.

దీనివల్ల మనకు తెలిసేదేమిటి? సహాయం చేసేవారికి ఆ వాద్యం వచ్చి తీరాలన్న నియమం లేదు. వినడం వస్తే చాలు. అందరు పిల్లలూ శ్రీనివాస్ కాలేరు, కానవసరం లేదు. కానీ శ్రద్ధగా వినే మనిషి ప్రతి పిల్లవాడికీ అవసరమే.

మీరు చేయగల పనులు

మొదటిది వేళ. ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టడం కంటె రోజూ ఇరవై నిమిషాలు వాయించడం మేలు. జ్ఞాపకం మీద పరిశోధన చేసిన జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్, విడతలుగా చేసిన అభ్యాసం ఎక్కువ నిలుస్తుందని 1885లోనే చూపారు. సాయంత్రం దీపం పెట్టిన తరువాతనో, బడికి వెళ్లే ముందో ఒక వేళ నిర్ణయించండి. ఆ ఇరవై నిమిషాలు టీవీ కట్టివేయడం మీ వంతు.

రెండవది శ్రుతి. చిన్నపిల్లలకు బిరడాలు తిప్పి శ్రుతి చేసుకోవడం రాదు. శ్రుతి తప్పిన వాద్యం మీద సాధన చేస్తే చెవికి తప్పే అలవాటవుతుంది. గురువుగారి దగ్గర మీరు శ్రుతి చేయడం నేర్చుకోండి. శ్రుతిపెట్టె గానీ, సెల్‌ఫోనులో తంబుర ధ్వని గానీ సహాయపడుతుంది.

మూడవది వాద్యం. వయొలిన్‌లో పిల్లల చేతి పొడవుకు తగినట్టు పావు, అర, ముప్పావు పరిమాణాలు ఉంటాయి. 'ఎలాగూ పెరుగుతాడు కదా' అని పెద్దది కొంటే మెడ, భుజం నొప్పిపుడతాయి. వేలికొనల మంట సహజమే. మణికట్టు, భుజం నొప్పి మాత్రం సహజం కాదు. వెంటనే గురువుగారికి చెప్పాలి. వీణ మెట్లను మైనంలో బిగిస్తారు కనుక దానిని ఎండలో ఉంచరాదు. వయొలిన్ కమానును వాయించిన తరువాత వదులు చేయాలి. కొత్తది కొనే స్తోమత లేకపోతే, బాగా ఉన్న పాత వాద్యాన్ని గురువుగారికి చూపించి తీసుకోవచ్చు.

నాలుగవది మాట. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు బడిపిల్లల మీద చేసిన పరిశోధనలను ప్రచురించారు. "నువ్వు తెలివైనవాడివి" అన్న మెచ్చుకోలు విన్న పిల్లలు, కష్టమైన సమస్య ఎదురై ఓడిపోగానే త్వరగా నిరుత్సాహపడ్డారు. "బాగా కష్టపడ్డావు" అన్న మాట విన్న పిల్లలు పట్టు విడవలేదు. కనుక "నీ చేతిలో సరస్వతి ఉంది" అని పొగిడేకన్నా, "నిన్న జంటస్వరాల దగ్గర ఆగిపోయావు, ఇవాళ ఆగలేదు" అని చెప్పండి. ఆ మాట చెప్పాలంటే మీరు నిన్న విని ఉండాలి. పొగడ్తకు వినడంతో పని లేదు.

జపాన్‌కు చెందిన వయొలిన్ గురువు షినిచి సుజుకి కూడా తన విద్యావిధానంలో ఇంటివారికి పెద్దపీట వేశారు. పిల్లలు మాతృభాషను విని విని నేర్చుకున్నట్టే సంగీతాన్నీ నేర్చుకోగలరన్నది ఆయన సూత్రం. అందుకే తల్లి గానీ తండ్రి గానీ పిల్లలతో పాటు పాఠానికి వచ్చి కూర్చోవాలని కోరారు.

ఐదవది ఎంపిక. ఆడపిల్లకు వీణ, మగపిల్లవాడికి మృదంగం అని ముందే నిర్ణయించకండి. దండమూడి సుమతి గారు తండ్రి నిడుమోలు రాఘవయ్య గారి దగ్గర మృదంగం నేర్చుకొని పేరుపొందిన విద్వాంసురాలయ్యారు. 2021లో పద్మశ్రీ పొందారు. తండ్రి కాదని ఉంటే ఆ మృదంగం మనం విని ఉండేవాళ్లం కాదు.

ఊరు మారినప్పుడు

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలలో సంగీత వాతావరణం ఇంట్లోనో ఊళ్లోనో ఉంది. అది లేనివారి సంగతి కూడా ఆలోచించాలి. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని కోసం గుజరాత్‌లోని సూరత్‌కు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ జిల్లాలోని జోల్వా వంటి పారిశ్రామిక ప్రాంతంలో ఒకే గదిలో కాపురముండే ఒక కుటుంబాన్ని ఊహించండి. మగ్గాల చప్పుడు, రాత్రి పాళీ చేసి వచ్చి పగలు నిద్రపోయే తండ్రి, దగ్గరలో తెలుగు చెప్పే గురువు లేకపోవడం. అక్కడ పిల్ల వేణువో వయొలినో నేర్చుకోవాలంటే ఎలా?

మొదట, గురువు తెలుగువారే కానవసరం లేదు. సప్తస్వరాలకు భాష అడ్డు రాదు. గుజరాతీ గురువు దగ్గర హిందూస్తానీ పద్ధతిలో నేర్చుకున్నా చెవి తయారవుతుంది. రెండవది, 2020 తరువాత దూరం నుంచి వీడియో ద్వారా పాఠం చెప్పే గురువులు చాలామంది అయ్యారు. వారానికి ఒక పాఠం అలా విని, దానిని రికార్డు చేసుకొని మళ్లీ మళ్లీ వినవచ్చు. అయితే చేతి పట్టు, కూర్చునే తీరు మాత్రం అప్పుడప్పుడు ఎదురుగా ఉన్న గురువుకు చూపించాలి. మూడవది, చోటు. తండ్రి పాళీ ఏ వేళకో చూసి సాధన వేళ మార్చుకోవాలి. బడి వదిలాక ఖాళీ గది అరగంట ఇవ్వమని ఉపాధ్యాయులను అడగవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను ఏర్పాటు చేసుకోలేదు. కాలేజీ చదివే అక్క చేయగలదు.

తోడు వేరు, ఒత్తిడి వేరు

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. తోడు ఉండటం అంటే కర్ర పట్టుకొని కూర్చోవడం కాదు. పోటీలకు తిప్పడం, పక్కింటి పిల్లతో పోల్చడం, పరీక్ష మార్కుల కోసం నాలుగు పాటలే ఏడాదంతా వాయించడం పిల్లలను వాద్యానికి దూరం చేస్తాయి. కొన్ని నెలలు నిజాయితీగా ప్రయత్నించిన తరువాత కూడా పిల్లవాడికి ఆ వాద్యం మీద ఇష్టం కలగకపోతే, వాద్యం మార్చవచ్చు. గురువును మార్చవచ్చు. మానేయవచ్చు కూడా. అయితే ఆ నిర్ణయం కోపంలోనో, ఒక చెడ్డ రోజు తరువాతనో తీసుకోరాదు. మానేసిన పిల్లవాడితో "నీకు సంగీతం రాదు" అనకండి. ఆ ఒక్క మాట వాడు పెద్దయ్యాక పాట వినే ఆనందాన్ని కూడా తగ్గిస్తుంది.

ముగింపు

ఈ పాఠంలో తెలుసుకున్న విషయాలను క్లుప్తంగా చెప్పుకుందాం. వాద్యం నేర్చుకోవడంలో మొదటి ఏడాది ఫలితం కనిపించదు. ఆ కాలాన్ని దాటించేది రోజూ కొద్దిసేపు సాధన, శ్రుతిలో ఉన్న వాద్యం, శ్రద్ధగా వినే ఒక మనిషి. ఆ మనిషికి సంగీతం తెలిసి ఉండనక్కరలేదు.

ఇక మీకు ఒక అభ్యాసం. మీ ఇంట్లో లేదా ఇరుగుపొరుగున వాద్యం నేర్చుకునే పిల్లలు ఉంటే, ఒక వారం పాటు రోజూ వారి పక్కన ఇరవై నిమిషాలు కూర్చోండి. సలహా ఇవ్వకండి, ఫోను చూడకండి. వినండి. చివరలో నిన్నటికంటె ఇవాళ మారిన ఒక్క విషయం వారికి చెప్పండి. వారం తరువాత వారి వాదనలో ఏ మార్పు వచ్చిందో, మీ వినికిడిలో ఏ మార్పు వచ్చిందో ఒక పుటలో రాసి తరగతిలో చర్చించండి.