రామభద్ర ఫాంట్: ముందే లావుగా ఉన్నదాన్ని మళ్లీ బోల్డ్ చేయకండి

మొన్న ఫ్రెండ్ మొబైల్ షాపు కోసం ఒక చిన్న వెబ్ పేజీ చేశా. పైన పెద్ద అక్షరాల్లో షాపు పేరు, పక్కన ఊరి పేరు. లింక్ పంపిన రెండు నిమిషాలకే స్క్రీన్‌షాట్ వచ్చింది: "ఏందిరా ఇది, మసి పూసినట్టుంది?"

నేను వాడింది రామభద్ర. పురుషోత్ కుమార్ గుత్తుల డిజైన్ చేసిన ఈ ఫాంట్‌ని సిలికానాంధ్ర ఉచితంగా అందించింది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. గీతలు లావుగా, అక్షరాలు వెడల్పుగా ఉంటాయి. హెడ్డింగ్‌కి, పోస్టర్‌కి బాగా నప్పుతుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి షాపు బోర్డుకి వాడినా రూపాయి కట్టక్కర్లేదు. ఫాంట్ ఫైల్‌ని విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

తప్పు ఫాంట్‌ది కాదు, నాదే. రామభద్రలో ఉన్నది ఒకటే వెయిట్. కంటికి ఎంత లావుగా కనిపించినా ఫైల్‌లో దాని నంబర్ 400, అంటే రెగ్యులర్. హెడ్డింగ్ ట్యాగ్‌కి బ్రౌజర్ మామూలుగా 700 అడుగుతుంది. అది దొరకకపోతే ఊరుకోదు, ఉన్న అక్షరం అంచుల్నే బయటికి, లోపలికి ఉబ్బించి దొంగ బోల్డ్ తయారు చేస్తుంది. దీన్నే సింథటిక్ బోల్డ్ అంటారు.

ఇంగ్లీష్‌లో ఇది పెద్దగా తెలియదు. తెలుగులో అలా కాదు. మా 'ఇచ్చోడ'నే తీసుకోండి (నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే 44వ నంబర్ హైవే మీద ఉంటుంది). కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు. మధ్యలో 'చ్చో' ఒక్కదానికే పైన ఓత్వం, కింద చ వత్తు. వత్తు సైజు చిన్నది కాబట్టి దాని లోపలి ఖాళీ ఇంకా చిన్నది. డిజైనర్ ఆ ఖాళీని కంటితో చూసి, అక్కడ గీత సన్నం చేసి కాపాడతాడు. బ్రౌజర్‌కి ఆ తెలివి లేదు, అన్నింటినీ ఒకేలా ఉబ్బిస్తుంది. వత్తు ముద్దయిపోతుంది. 'థ'లో చుక్క, 'ధ' కింద గీత కూడా ఇట్లనే పోతాయి. అప్పుడు అక్షరమే మారినట్టు చదువుతాం.

పరిష్కారం ఒక్క లైన్: హెడ్డింగ్‌కి ఫాంట్-వెయిట్ 400 అని రాయండి. ఫాంట్-సింథసిస్‌ని నన్ చేస్తే ఇంకా భద్రం. థంబ్‌నెయిల్ యాప్‌లో అక్షరం రంగులోనే మందంగా అవుట్‌లైన్ వేసినా ఇదే తంతు, గుర్తుంచుకోండి. రెండు లైన్ల హెడ్డింగ్ అయితే లైన్-హైట్ 1.4 నుంచి మొదలుపెట్టి చూడండి, లేకపోతే పై లైన్ వత్తులు కింది లైన్ గుడి మీద కూర్చుంటాయి.

సన్నం నుంచి లావు దాకా అన్నీ ఒకే ఫాంట్‌లో కావాలంటే ముంబై ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు చూడండి. వేరియబుల్ ఫాంట్, వెయిట్ 100 నుంచి 800 దాకా నిజంగానే గీసి ఉంటుంది. నాకైతే బోర్డు మీద రామభద్రకున్న దిట్టతనమే నచ్చుతుంది. పేరాలకి మాత్రం వద్దు, కళ్లు లాగుతాయి.

ఫ్రెండ్ పేజీ సరిచేసి పంపా. ఇప్పుడు దానికి గోల్డ్ షాడో కావాలంటున్నాడు.