గడియారం ఆగని రైలు: 'ది లాస్ట్ ఎక్స్‌ప్రెస్' కథ

1914 జూలై 24, శుక్రవారం సాయంత్రం. ప్యారిస్ నగరంలోని తూర్పు రైల్వే స్టేషన్ నుండి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది. దాని గమ్యం టర్కీ సుల్తానుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్. అంతకు ముందురోజే ఆస్ట్రియా-హంగరీ ప్రభుత్వం సెర్బియాకు అంతిమ హెచ్చరిక పంపి, సమాధానానికి 48 గంటల గడువు ఇచ్చింది. రైలు దారిలో ఉండగానే ఆ గడువు తీరిపోతుంది. జూలై 28న యుద్ధ ప్రకటన వెలువడుతుంది. ప్రయాణికులు మాత్రం భోజనశాల బోగీలో మద్యం సేవిస్తూ, చదరంగం ఆడుతూ, రానున్న ఉపద్రవాన్ని గురించి తేలికగా ముచ్చటించుకుంటున్నారు.

ఇది ఒక నవలకు ప్రారంభం కాదు, 1997లో విడుదలైన 'ది లాస్ట్ ఎక్స్‌ప్రెస్' అనే వీడియో గేమ్‌కు ప్రారంభం. విమర్శకులు మెచ్చుకున్న ఈ ఆటను ఆనాడు కొన్నవారు కొద్దిమందే. నేటికీ దాని పేరు విన్నవారు అరుదు. అయినా ఒక చారిత్రక ఘట్టాన్ని కంప్యూటర్ తెరపై ఎలా చెప్పవచ్చునో, ఒక మంచి సృష్టి ఎంత సులభంగా కనుమరుగు కాగలదో తెలుసుకోవడానికి ఇంతకంటె తగిన ఉదాహరణ దొరకదు.

సృష్టికర్త, ఆయన నేపథ్యం

ఈ ఆటకు మూలపురుషుడు అమెరికాకు చెందిన జోర్డాన్ మెక్నర్. 1984లో 'కరాటెకా', 1989లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' రూపొందించి పేరు గడించాడు. ఫ్లాపీ డిస్కుల కాలంలో కంప్యూటర్ నేర్చుకున్న పాఠకులలో పలువురికి ఆ రెండవ ఆట గుర్తుండవచ్చు. ఒక యువకుడు చెరసాల గోడల మీదుగా దూకుతూ, కత్తియుద్ధం చేస్తూ, గంటలోగా రాకుమారిని రక్షించవలసిన ఆట అది. అందులోని పరుగు అంత సహజంగా ఉండడానికి కారణం, మెక్నర్ తన తమ్ముణ్ణి పరుగెత్తించి వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్కటిగా బొమ్మలుగా మార్చడమే.

ఆ విజయం తరువాత ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో 'స్మోకింగ్ కార్ ప్రొడక్షన్స్' అనే సంస్థను స్థాపించాడు. టోమీ పియర్స్‌తో కలిసి ఈ రైలు కథను వ్రాశాడు. ఆ కథ ఆయన కుటుంబానికి పరాయిది కాదు. ఆయన తాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో పనిచేశాడు. తండ్రి జన్మించిన నగరం వియన్నా. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకోవడంతో ఆ యూదు కుటుంబం వియన్నాను విడిచి చెల్లాచెదురైంది. ఇటీవలి సంవత్సరాలలో మెక్నర్ 'రీప్లే' అనే బొమ్మల పుస్తకంలో ఈ కుటుంబ చరిత్రను స్వయంగా చిత్రించాడు. ఆటలోని రైలు వియన్నా స్టేషన్‌లో ఆగినప్పుడు ఈ సంగతి తెలిసినవారికి ఆ మజిలీ మామూలు మజిలీగా తోచదు.

ఆటలోని కథ

కథానాయకుడు రాబర్ట్ కాత్ ఒక యువ అమెరికన్ వైద్యుడు. ఐర్లండ్‌లో జరిగిన ఒక గొడవకు సంబంధించి పోలీసులు అతనిని వెదుకుతున్నారు. మిత్రుడు టైలర్ విట్నీ పిలుపు అందుకొని, ప్యారిస్ దాటిన తరువాత మోటారు సైకిల్ మీది నుండి కదులుతున్న రైలులోకి దూకుతాడు. మిత్రుని గది తలుపు తీసేసరికి కనిపించేది అతని శవం. కాత్ ఆ శవాన్ని ఏదో ఒక విధంగా మాయం చేసి, మిత్రుని పేరుతోనే ప్రయాణం సాగించాలి. ఆ పని ఆలస్యమైతే రైలు సిబ్బంది శవాన్ని కనుగొంటారు, ఆట అక్కడితో ముగుస్తుంది.

ఆ తరువాత రైలులోని ఒక్కొక్క గదిలో ఒక్కొక్క లోకం తెరచుకుంటుంది. ఆయుధాలు అమ్మజూపే జర్మన్ వ్యాపారి ఆగస్ట్ ష్మిట్, వాటిని కొనడానికి వచ్చిన సెర్బియా జాతీయవాదులు, వయొలిన్ వాయించే ఆస్ట్రియా యువతి ఆన్నా వోల్ఫ్, వృద్ధుడైన రష్యన్ ప్రభువు, అతని మనుమరాలు తాత్యానా, ఆమె బాల్యమిత్రుడైన విప్లవకారుడు, సొంత బోగీలో ప్రయాణించే సంపన్నుడు క్రోనోస్ — వీరంతా ఆనాటి ఐరోపాకు ప్రతిబింబాలు. సెర్బియా, ఆస్ట్రియా, జర్మనీ, రష్యా ఒకే రైలులో, పలుచని చెక్క గోడల నడుమ ఇరుక్కుపోయాయి. నెల తిరగకముందే అవన్నీ యుద్ధభూమిలో ఉన్నాయి.

కాలమే నియమం

ఇటువంటి ఆటలను అడ్వెంచర్ గేమ్‌లంటారు. వీటిలో తుపాకులు పేల్చడం కంటె చూడడం, వినడం, వెదకడం, ఆలోచించడం ముఖ్యం. సాధారణంగా వీటిలో ఆటగాడు వచ్చేవరకు లోకం వేచి ఉంటుంది. అతడు తలుపు తట్టినప్పుడే పాత్ర మాట్లాడుతుంది, తాళంచెవి దొరికేవరకు గడియారం నిలిచి ఉంటుంది.

'ది లాస్ట్ ఎక్స్‌ప్రెస్' ఈ సంప్రదాయాన్ని తలక్రిందులు చేసింది. ఇందులో కాలం నిజజీవితంకంటె సుమారు ఆరు రెట్ల వేగంతో నిరంతరాయంగా సాగుతుంది. సుమారు ముప్పై పాత్రలకు ఎవరి దినచర్య వారిదే. నిర్ణీత సమయానికి ఒకరు భోజనానికి లేస్తారు, మరొకరు పక్క గదికి వెళ్లి రహస్యం చెబుతారు. ఆటగాడు వేరొక బోగీలో ఉంటే ఆ మాట వినిపించదు. క్రోనోస్ బోగీలో సంగీత కచేరీ జరిగే సమయంలో అక్కడ కూర్చుని మొత్తం వినవచ్చు. అయితే ప్రయాణికులు కచేరీలో ఉన్న ఆ వేళే ఇతరుల సామాను పరిశీలించడానికి తగిన అదను. రెండూ ఒకేసారి సాధ్యం కావు. ఒకసారి ఆడినవారికి రైలులో జరిగినదంతా తెలియదు.

తప్పటడుగు వేసినవారికి ఒక సదుపాయం ఉంది. గడియారాన్ని వెనక్కు తిప్పి, గడచిపోయిన స్టేషన్ నుండి తిరిగి ఆడవచ్చు. ఈ ఏర్పాటులోనే ఆట సారమంతా ఉంది. ఆటగాడు గడియారాన్ని ఎన్నిసార్లు తిప్పినా కాత్ ప్రాణం కాపాడగలడు, కొందరి రహస్యాలు ఛేదించగలడు. యుద్ధాన్ని మాత్రం ఆపలేడు. చరిత్రను మార్చి ఆటగాణ్ణి వీరుణ్ణి చేసే సులభమార్గాన్ని రచయితలు ఎంచుకోలేదు.

భాషల ప్రయాణం

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ తొలి ప్రయాణం 1883లో జరిగింది. 1914 నాటికి అది ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, సెర్బియా, బల్గేరియాల మీదుగా టర్కీ చేరేది. ఆటలోని ప్రయాణికులు అందుకు తగినట్లే తమ తమ భాషలలో మాట్లాడుకుంటారు. ఫ్రెంచి, జర్మన్, రష్యన్ సంభాషణలు యథాతథంగా వినిపిస్తాయి. కాత్‌కు తెలిసిన భాష అయితే తెర అడుగున ఆంగ్ల అనువాదం కనబడుతుంది. తెలియని భాష అయితే ఏమీ కనబడదు. గొంతులోని కోపాన్ని, భయాన్ని బట్టి ఊహించుకోవలసిందే. ఇంట ఒక భాష, అంగడిలో మరొక భాష, కచేరీలో ఇంకొక భాష వినే సరిహద్దు ప్రాంతాల వారికి ఈ అనుభవాన్ని వివరించి చెప్పనవసరం లేదు.

బొమ్మల వెనుక శ్రమ

ఆటలోని దృశ్యాలు ఆనాటి ఐరోపాలో వాడుకలో ఉన్న 'ఆర్ నూవో' గోడపత్రికల శైలిలో ఉంటాయి. నల్లని సన్నని గీతలు, వాటి నడుమ చదునైన రంగులు. ఇందుకోసం నటీనటులకు వేషధారణ చేసి, నీలి తెర ముందు 22 రోజులపాటు చిత్రీకరణ జరిపారు. గీతలు స్పష్టంగా తేలడానికి వారి ముఖాలపైన, దుస్తులపైన ముందుగానే రేఖలు దిద్దారు. ఆ చిత్రాలను కంప్యూటర్ సహాయంతో రేఖాచిత్రాలుగా మార్చి రంగులు వేశారు. ఈ పద్ధతికి సంస్థ పేటెంటు కూడా పొందింది. రైలు లోపలి భాగాలు అచ్చుగుద్దినట్లు ఉండాలని, ఏథెన్సు రైల్వే యార్డులో మిగిలి ఉన్న నాటి శయన బోగీని వెదకిపట్టుకొని కొలతలు, ఛాయాచిత్రాలు తీసుకున్నారు. సంగీతం సమకూర్చిన ఎలియా స్మీరల్ మరుసటి సంవత్సరమే 'రోనిన్' అనే హాలీవుడ్ చిత్రానికి పనిచేశాడు.

ఎందుకు ఓడిపోయింది?

నాలుగేళ్ల శ్రమకు 50 లక్షల డాలర్లకు తక్కువ కాని వ్యయమైంది. ఆనాటి ప్రమాణాలలో అది చాలా పెద్ద మొత్తం. 1997 ఏప్రిల్‌లో మూడు సీడీలపై ఆట విడుదలైంది. ప్రచురించిన బ్రోడర్‌బండ్ సంస్థ అంతకు ముందు 'మిస్ట్' వంటి విజయవంతమైన ఆటను అమ్మినదే. అయితే విడుదలకు కొద్ది వారాల ముందు ఆ సంస్థలోని మార్కెటింగ్ సిబ్బంది ఉద్యోగాలు విడిచి వెళ్లారు. ప్రకటనలు దాదాపు లేవు. ప్లేస్టేషన్‌కు తలపెట్టిన రూపం మధ్యలోనే ఆగిపోయింది. 1998లో బ్రోడర్‌బండ్‌ను 'ద లెర్నింగ్ కంపెనీ' కొనుగోలు చేసింది. పెట్టుబడి తిరిగి రాలేదు, స్మోకింగ్ కార్ సంస్థ మూతపడింది. ఆటలో వలెనే బయట కూడా కాలం ఎవరికోసమూ ఆగలేదు. వ్యాపారంలో గడియారాన్ని వెనక్కు తిప్పే సదుపాయం లేదు.

తరువాత హక్కులు ఇంటర్‌ప్లే సంస్థకు చేరాయి. అది తక్కువ ధరకు తిరిగి విడుదల చేసినా, త్వరలోనే ఆర్థిక ఇబ్బందులలో పడింది. చివరకు హక్కులు మెక్నర్ చేతికి తిరిగివచ్చిన తరువాత, 2012లో ఐఫోన్లలోను, 2013లో ఆండ్రాయిడ్ ఫోన్లలోను ఆట మరల ప్రత్యక్షమైంది.

అన్ని ఆటలకు ఇటువంటి అదృష్టం పట్టలేదు. పుస్తకానికి బీరువాలో ఒక్క ప్రతి మిగిలినా వందేళ్ల తరువాత చదువుకోవచ్చు. కంప్యూటర్ ఆట అటువంటిది కాదు. సీడీ చెడిపోతుంది, అది నడిచే యంత్రం మూలపడుతుంది, హక్కులు ఎవరివో తేలని స్థితి ఏర్పడుతుంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం విపణిలో లభించడం లేదని 'వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్' 2023లో జరిపిన అధ్యయనం తేల్చింది. ఈ ఆట మిగలడానికి కారణం, హక్కులు దానిని ప్రేమించే మనిషి చేతికి చేరడమే.

1914లో యుద్ధం మొదలు కాగానే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నిలిచిపోయింది. నాలుగేళ్ల తరువాత, 1918 నవంబరు 11న, యుద్ధవిరమణ ఒప్పందంపై సంతకాలు జరిగినది కూడా ఒక రైలు బోగీలోనే. ఆ బోగీ, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌ను నడిపిన వాగాన్-లీ సంస్థ భోజనశాలగా నిర్మించినదే. ఈ రెండు తేదీల నడుమ కోటిమందికి పైగా మరణించారు. ఆటలో చదరంగం బల్ల వద్ద కూర్చున్న ప్రయాణికులకు ఆ సంగతి తెలియదు. వారి మాటలు వింటున్న ఆటగాడికి మాత్రం తెలుసు.