తోడుకోని పాలు చెప్పే పాఠం

వేసవిలో తోడు వేసిన పాలు నాలుగైదు గంటలకే పెరుగవుతాయి. చలికాలంలో తెల్లవారినా గట్టిపడవు. ఎందుకంటారా? తోడులో ఉన్నవి బాక్టీరియా అనే సూక్ష్మజీవులు. గోరువెచ్చగా ఉంటే ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. చలికి మందగిస్తాయి. మరుగుతున్న పాలలో వేస్తే చచ్చిపోతాయి. ఆవకాయలో ఉప్పూ పులుపూ ఎక్కువ గనుక అక్కడ వాటి ఆటలు సాగవు.

మందు కూడా అలాంటి అడ్డే. మా పిట్టలవానిపాలెం వైపు పాడి ఉన్న ఇళ్ళలో ఎరిగిన సంగతే: పొదుగువాపుకు సూది వేయించిన గేదె పాలు ఒక్కోసారి తోడుకోవు. పాలలోకి దిగిన యాంటీబయాటిక్ తోడునూ పెరగనివ్వదు. పశువైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు వాడకూడదు.

ఇలాంటి మందుల్లో ఒకటైన ఆరియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉండగా, 1948లో అది లోకానికి తెలిసింది.

అంత విలువైన మందును జలుబుకు మింగకండి. జలుబు వైరస్ వల్ల వచ్చేది. దానిమీద ఇది పనిచేయదు. పైగా మందుకు లొంగే బాక్టీరియా చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. రేపు బిడ్డకు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. డాక్టరు రాస్తేనే కొనండి, చెప్పినన్ని రోజులూ వాడండి. మిగిలిన మాత్రలు పొరుగింటికి ఇవ్వకండి.