కారు స్టార్టరు – కోలారు గనుల విద్యుత్తు

శివసముద్రము వద్ద కావేరి జలపాతమున పుట్టిన విద్యుత్తు 1902వ సంవత్సరము జూన్ 30వ తేదీన 92 మైళ్ల దూరము ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరెను. బెంగుళూరు నగరమునకు విద్యుద్దీపములు 1905లోగాని రాలేదు. కారు స్టార్టరును గూర్చి వ్రాయబూని ఈ పాత ముచ్చట యేల యెత్తితినని పాఠకులు అడుగవచ్చును. స్టార్టరు మర్మమంతయు ఆ తంతిలోనే యున్నది.

విద్యుచ్ఛక్తి యనగా వోల్టులను ఆంపియర్లతో గుణించిన ఫలము. తంతిలో వేడియై వ్యర్థమగు భాగము ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును. కావున నాటి ఇంజనీర్లు వోల్టులను సుమారు 30,000కు పెంచి, ప్రవాహమును తగ్గించి, సన్నని తీగలపై శక్తిని గనులకు పంపిరి. మొదట పంపిన 4,000 అశ్వశక్తిని 12 వోల్టుల వద్ద పంపవలసినచో రమారమి రెండున్నర లక్షల ఆంపియర్లు కావలసియుండెడివి! కారులో జరుగునది సరిగా దీనికి విపర్యయము. వోల్టులు 12 మాత్రమే. స్టార్టరు మోటారు లాగు ప్రవాహము 150 ఆంపియర్లో, అంతకు మించియో యుండును. బ్యాటరీనుండి మోటారునకు పోవు కేబులు వ్రేలెడు లావుగను, పొట్టిగను ఉండుటకు కారణమిదియే.

పూర్వము ఇంజనును చేతికమ్మితో త్రిప్పెడివారు. అది వెనుకకు తన్ని మణికట్లు విరిగినవారు పెక్కుమంది. ఇంజనును త్రిప్పగల మోటారు ఇంజనంత పెద్దది కావలయునని పండితులు లెక్కగట్టిరి. నగదు గల్లాయంత్రములకు మోటారు అమర్చిన అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగు మాత్రము వేరుగా తలచెను. కొన్ని సెకనులు మాత్రమే పనిచేయు మోటారు తన స్థాయికి మించిన భారమును భరింపగలదు గదా! 1912 నాటి కాడిలాక్ కారులలో ఈ యేర్పాటు వెలసెను. అట్టి మోటారును ఒక్కసారికి పది సెకనులకు మించి త్రిప్పరాదు. త్రిప్పినచో తీగచుట్లు మాడును.

తాళపుచెవి త్రిప్పగానే స్వల్పప్రవాహము సొలినాయిడు చుట్టలకు పోవును. అందలి ఇనుపకడ్డీ లోనికి లాగబడి రెండు పనులు చేయును: చిన్న పళ్లచక్రమును ముందునకు త్రోసి ఫ్లైవీలు పళ్లతో కలుపును, పిమ్మట లావైన రాగిస్పర్శలను మూసి మోటారునకు పూర్ణప్రవాహము నిచ్చును. నిశ్చలముగానున్న మోటారులో ఎదురు వోల్టేజి యుండదు గనుక, ఆరంభమునందే మిక్కిలి బలముగా త్రిప్పును. చక్రముల పళ్ల నిష్పత్తివలన ఆ బలము పదింతలకు పైగా పెరుగును. ఇంజను అందుకొని వేగముగా తిరుగనారంభించినప్పుడు మోటారు చెదరిపోకుండ, ఒకవైపే పట్టు క్లచ్చు జారిపోవును.

రాబర్టుసన్‌పేటలోని నా మిత్రుని కారు ఒక డిసెంబరు ఉదయమున “టక్కు” మని ఊరకుండెను. దీపములు చక్కగా వెలుగుచున్నవి గనుక బ్యాటరీ మంచిదేయని, మోటారే చెడినదని నిశ్చయించి, దానిని విప్పించి తీగ మరల చుట్టించెను. ఖర్చు దండుగ, కారు కదలలేదు. దోషమెల్ల బ్యాటరీ మొన చుట్టును పేరుకొన్న తెల్లని పూతలో నుండెను. అచట నిరోధము ఒక ఓములో యాభయ్యవ వంతే యనుకొందము. దీపములు లాగు 10 ఆంపియర్లకు అచట 0.2 వోల్టు మాత్రమే తగ్గును, కంటికి కానరాదు. మోటారు 150 ఆంపియర్లు లాగబోవునెడ 3 వోల్టులు అచటనే హరించుకపోవును.

కాబట్టి మోటారును విప్పుటకు ముందు వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ మొనపై, రెండవ కొనను దానిని పట్టుకొన్న బిగింపుపై ఆనించి, వేరొకరిచే తాళము త్రిప్పింపవలయును. ముల్లు ఇంచుమించు సున్నవద్ద నుండవలెను. అర వోల్టు చూపినను ఆ కీలును విప్పి, గీకి, బిగింపుడు. ఇంజనునుండి బ్యాటరీకి మరలివచ్చు భూమితీగ రెండు కొనలనుగూడ ఇట్లే పరీక్షింపవలయును. మెకానికులు తరచు మరచునది దీనినే.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. వాటి చెంతనే 1960 దశకమున వెలసిన భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారమున బుల్‌డోజర్లు తయారగుచున్నవి. అట్టి పెద్ద డీజిలు యంత్రములలో సాధారణముగా రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు వాడుదురు. అదే శక్తికి ప్రవాహము సగమగును.