గడ్డకట్టే చలిలో ఇంజన్ ఎందుకు అందుకోదు?

అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ఉత్తరాన అడవులు దట్టం. వాటిలో చాలా భాగం చిత్తడి నేల. వేసవిలో దుంగల కోసం ట్రాక్టరు దించితే చక్రాలు కూరుకుపోతాయి. జనవరి వచ్చేసరికి ఆ నేల లోతుగా గడ్డకట్టి, ఎంత బరువునైనా మోస్తుంది. దుంగలకు బురద అంటదు కాబట్టి రంపం పళ్లు త్వరగా మొద్దుబారవు. మేపుల్ లాంటి తెల్ల కలపకు బూజు మరక పట్టదు. చలికాలంలో నరికి, చలికాలంలోనే కోసిన పలక తెల్లగా నిలుస్తుంది. అందుకే మంచు కురిసే రోజుల్లో కూడా అక్కడి చిన్న కమతాల వాళ్లు ట్రైలరు మీద లాక్కెళ్లే సామిల్లును బయటికి తీస్తారు.

మన టింబర్ డిపోల్లో రంపం ఒకచోట స్థిరంగా ఉంటుంది, దుంగను దాని మీదికి నెడతారు. ఈ సంచార సామిల్లులో దుంగ కదలదు. పట్టాల మీద రంపమే ముందుకు నడుస్తూ పలకను కోస్తుంది. రెండు చక్రాల మీద తిరిగే సన్నని బ్యాండ్ బ్లేడు, దాన్ని తిప్పే పెట్రోలు ఇంజన్, బ్యాటరీ అన్నీ ఆ కదిలే భాగం మీదే ఉంటాయి. ఇండియానాపొలిస్ నగరంలో 1982లో మొదలైన వుడ్-మైజర్ సంస్థ ఈ రకం మిల్లులకు బాగా పేరు తెచ్చింది. అడవిలోకి తీసుకెళ్లగలగడమే దీని గొప్పదనం. అయితే ఆ అడవిలోనే రాత్రంతా ఆరుబయట ఉండాల్సి వస్తుంది. అంతర్జాతీయ సరిహద్దు మీది ఇంటర్నేషనల్ ఫాల్స్ పట్టణంలో జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండటం మామూలే. అదే రాష్ట్రంలోని టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. అలాంటి రాత్రి గడిచాక తాళం తిప్పితే ఇంజన్ మూలుగుతుంది తప్ప అందుకోదు.

ఇంజన్ అందుకోవాలంటే మూడు జరగాలి. తగినంత వేగంగా తిరగాలి, ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి, ఆ రవ్వ దగ్గరికి అంటుకునే పాళ్లలో పెట్రోలు ఆవిరి చేరాలి. మామూలు రోజుల్లో ఈ మూడింటిలోనూ అవసరానికి మించి మిగులు ఉంటుంది. చలి ఆ మిగులును మూడుచోట్లా ఒకేసారి తినేస్తుంది. పైగా ఒకచోటి కొరత పక్కదానికి పాకుతుంది. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ పాకే గుణాన్నే.

తిరగడం సంగతి ముందు చూద్దాం. చల్లబడేకొద్దీ ఇంజనాయిల్ చిక్కబడి, పిస్టన్నూ బేరింగులనూ పట్టి ఉంచుతుంది. ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది కదా, అందులోని డబ్ల్యూ అక్షరం వింటర్‌కు గుర్తు. చలిలో ఇంజన్ తిరగడానికి వీలైనంత పలచగా ఆయిల్ ఉందో లేదో తేల్చే పరీక్షను ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘమైన ఎస్.ఏ.ఈ. ప్రమాణం ప్రకారం ఒక్కో తరగతికి ఒక్కో ఉష్ణోగ్రత వద్ద చేస్తారు. 20డబ్ల్యూకు మైనస్ 15, 10డబ్ల్యూకు మైనస్ 25, 5డబ్ల్యూకు మైనస్ 30 డిగ్రీలు. వేసవిలో బాగా పనిచేసే ఎస్.ఏ.ఈ. 30 ఆయిల్ పేరులో డబ్ల్యూయే లేదు. 4 డిగ్రీల కంటే చల్లని వాతావరణంలో దాంతో స్టార్టింగు కష్టమవుతుందని చిన్న ఇంజన్ల తయారీదారులే చెబుతారు. అక్టోబరులో ఆయిల్ మార్చని మిల్లు డిసెంబరులో మొరాయించిందంటే వింతేమీ లేదు.

ఆయిల్ చిక్కబడిన వేళకే బ్యాటరీ కూడా నీరసిస్తుంది. సీసపు పలకల మీద జరిగే రసాయన చర్య చలికి మందగించి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఇవ్వగలిగే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. బ్యాటరీల మీద రాసే కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లను సరిగ్గా ఆ ఉష్ణోగ్రత దగ్గరే, 30 సెకన్లపాటు, వోల్టేజి 7.2 కంటే దిగకుండా కొలుస్తారు. చార్జి తగ్గిన బ్యాటరీకి ఇంకో గండం ఉంది. నిండుగా చార్జి ఉన్నప్పుడు అందులోని ఆమ్లం మైనస్ 50 దాటితే గానీ గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్లే కాబట్టి మైనస్ 10 దగ్గరే గడ్డకట్టేస్తుంది. అలా గడ్డకట్టి డొక్క ఉబ్బిన బ్యాటరీకి చార్జరు గానీ, వేరే బండి నుంచి వైర్లు గానీ తగిలించకూడదు, పేలిపోవచ్చు.

ఇంజన్ నెమ్మదిగా తిరిగితే నిప్పురవ్వ కూడా బలహీనపడుతుంది. ఈ చిన్న ఇంజన్లలో ప్లగ్గుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఫ్లైవీలులో ఒక అయస్కాంతం ఉంటుంది, అది కాయిల్ ముందునుంచి దూసుకుపోయినప్పుడు కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. అయస్కాంతం ఎంత వేగంగా కదిలితే అంత వోల్టేజి. పైగా ఆ రవ్వ దూకాల్సిన గాలి కూడా మారిపోయింది. 30 డిగ్రీల గాలితో పోలిస్తే మైనస్ 25 డిగ్రీల గాలి 20 శాతానికి పైగా దట్టంగా ఉంటుంది. దట్టమైన గాలిని చీల్చుకుని దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అందేది మాత్రం తక్కువ.

ఇక పెట్రోలు. పెట్రోలు ఆవిరి దాదాపు మైనస్ 43 డిగ్రీల దగ్గర కూడా అంటుకోగలదని పుస్తకాల్లో ఉంటుంది. మరి మైనస్ 25లో ఇంజన్‌కు వచ్చిన ఇబ్బందేమిటి? పుస్తకంలోని అంకె మూతపెట్టిన చిన్న గిన్నెలో, ఆవిరయ్యేందుకు తగిన వ్యవధి ఇచ్చి కొలిచినది. ఇంజన్‌లో ఆ వ్యవధి ఉండదు. సెల్ఫ్ కొట్టినప్పుడు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఇంజన్ గాలిని లోపలికి పీల్చుకునే సమయం సెకనులో పదో వంతు. ఆ కాస్తలో పెట్రోలు చుక్కలు ఆవిరై గాలిలో కలవాలి. వందపాళ్ల మిశ్రమంలో ఆవిరి ఒకటిన్నర పాళ్లకు తగ్గినా, ఏడున్నర పాళ్లు మించినా అంటుకోదు. చల్లటి లోహపు గోడకు తగిలిన ఆవిరి తిరిగి చుక్కలుగా మారుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కూడా కాదు, తేలిగ్గా ఆవిరయ్యేవీ బద్ధకంగా ఆవిరయ్యేవీ కలిసిన మిశ్రమం. ఆ చలిలో తేలికపాళ్లు మాత్రమే ఆవిరవుతాయి, మిగతాదంతా ద్రవంగానే ఉండిపోతుంది.

చోక్ చేసే పని ఇప్పుడు అర్థమవుతుంది. చలికాలం పొద్దున చోక్ లాగి స్కూటరు కిక్ కొట్టిన తరం మనలో ఇంకా చాలామందే ఉన్నారు. చోక్ గాలిని అడ్డుకుని పెట్రోలును అవసరానికి మించి లాగిస్తుంది. ఆ ఎక్కువ పెట్రోలులో ఉన్న తేలికపాళ్లన్నీ కలిస్తే మండడానికి సరిపోయేంత ఆవిరి తయారవుతుంది. ఆవిరి కాని పెట్రోలు మాత్రం ఎక్కడికీ పోదు. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టేసరికి ప్లగ్గు తడిసి ముద్దవుతుంది. మన మెకానిక్కులు 'ఓవర్ అయింది' అనేది దీన్నే. అప్పుడు చోక్ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, గాలి ఎక్కువగా వెళ్లేలా కాసేపు తిప్పాలి. లేదంటే ప్లగ్గు విప్పి తుడిచి, వెచ్చబరిచి మళ్లీ బిగించాలి.

అమెరికాలో చలికాలపు పెట్రోలు, వేసవి పెట్రోలు వేరువేరు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు బంకుల్లో అమ్మే పెట్రోలు ఎక్కువగా ఆవిరై గాలిని పాడుచేయకుండా చట్టం హద్దు పెట్టింది. చలికాలంలో ఆ హద్దు సడలుతుంది, అప్పుడు రిఫైనరీలు మైనస్ అర డిగ్రీ దగ్గరే మరిగే బ్యూటేనును ఎక్కువగా కలుపుతాయి. ఆగస్టులో డబ్బాలో పట్టి ఉంచిన పెట్రోలును జనవరిలో పోస్తే, అందులో ఆ తేలికపాళ్లు మొదటే తక్కువ, ఉన్నవాటిలోనూ కొన్ని ఎగిరిపోయి ఉంటాయి. చూడ్డానికి పెట్రోలే, వాసనా అదే. రవ్వకు మాత్రం అందదు.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ కలిపి చూడండి. చిక్కటి ఆయిల్ వల్ల ఇంజన్ నెమ్మదిస్తుంది. దాంతో రవ్వ తగ్గుతుంది, గాలిలో పెట్రోలు కలిపే కార్బరేటరులో పీల్పు తగ్గి పెట్రోలు సన్నటి తుంపరగా చీలదు. అందుకోలేదని మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగుతుంది, ప్లగ్గు తడుస్తుంది. మరమ్మతులో తప్పుడు నిర్ధారణలు ఇక్కడే పుడతాయి. ఒకాయన కొత్త ప్లగ్గు వేశాడు, ఇంజన్ అందుకుంది, ప్లగ్గే పోయిందని తేల్చేశాడు. కానీ ఆయన ప్లగ్గు తెచ్చేలోగా పొద్దెక్కి నాలుగు డిగ్రీలు పెరిగాయి, విశ్రాంతి దొరికిన బ్యాటరీ కాస్త తేరుకుంది, ఓవర్ అయిన పెట్రోలు ఆరిపోయింది. కొరతల్లో ఏ ఒక్కటి తీరినా ఇంజన్ అందుకోవచ్చు. కాబట్టి చివర చేసిన పనే సరైన మందు అనుకోవడం చలికాలంలో చాలా ప్రమాదకరం. అసలు లోపం అలాగే ఉండిపోతుంది, మరుసటి చలికి మళ్లీ బయటపడుతుంది.

వెతుకులాట తిరగడం నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగతా రెండూ దాని మీద ఆధారపడ్డవి. సెల్ఫ్ కొట్టకముందు మీటరు పెడితే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. 12 అంటే చాలావరకు దిగిపోయినట్టే. సెల్ఫ్ కొడుతుండగా చూపే అంకె ఇంకా విలువైనది. వెచ్చటి గదిలో అయితే 9.6కు దిగకూడదు, గడ్డకట్టే చలిలో ఎనిమిదిన్నర వరకు సహించవచ్చు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి బూడిద కడితే ముందు దాన్ని గీకెయ్యాలి. ఇంజన్ నుంచి బ్లేడుకు వెళ్లే బెల్టు వదులుగా ఉందో లేదో చూడాలి. అది బిగిసి ఉంటే, పాపం సెల్ఫ్ మోటారు ఇంజన్‌తోపాటు గడ్డకట్టిన గ్రీజులో ఇరుక్కున్న బ్లేడు చక్రాలను కూడా తిప్పాల్సి వస్తుంది.

బ్యాటరీ బాగుండి కూడా ఇంజన్ ఒక సగం చుట్టు తిరిగి టక్కున ఆగిపోతుంటే వాల్వుల వైపు చూడాలి. సెల్ఫ్ మీద భారం తగ్గించడానికి చాలా చిన్న ఇంజన్లలో ఒక ఏర్పాటు ఉంటుంది. తిప్పేటప్పుడు ఒక వాల్వు వెంట్రుకవాసి తెరుచుకుని, లోపలి ఒత్తిడిని కాస్త వదిలేస్తుంది. వాల్వు సందు అరిగి పెరిగితే ఆ తెరుచుకోవడం జరగదు, సెల్ఫ్ మోటారు పూర్తి ఒత్తిడితో కుస్తీ పట్టాలి. వేసవిలో బలంగా ఉన్న బ్యాటరీ ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. చలికి అది బయటపడుతుంది, నింద మాత్రం బ్యాటరీ మీద పడుతుంది. కొత్త బ్యాటరీ కొనేముందు ఫీలర్ గేజితో వాల్వు సందు చూడమని గట్టిగా చెబుతాను.

ఇంజన్ చకచకా తిరుగుతూ కూడా అందుకోకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా ఉంటే ఓవర్ అయింది, లేదా రవ్వ లేదు. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. పెట్రోలు రాకపోవడానికి చలిలో రెండు కారణాలు ఎక్కువ. ట్యాంకులో సగమే పెట్రోలు ఉంటే మిగతా ఖాళీలోని గాలి తేమ రాత్రికి నీరుగా మారి, కిందికి చేరి, సన్నటి దారిలో మంచుబిళ్లగా అడ్డుపడుతుంది. రెండో కారణం కార్బరేటరు గిన్నె అడుగున ఉండే సొలినాయిడ్. తాళం తిప్పినప్పుడు కరెంటు అందితేనే దాని ముల్లు వెనక్కి జరిగి పెట్రోలుకు దారి ఇస్తుంది. అక్కడ వేలు ఆనించి, ఇంకొకరిని తాళం తిప్పమంటే చిన్న టిక్కు తెలుస్తుంది. సెల్ఫ్ కొట్టగానే నీరసించిన బ్యాటరీ వోల్టేజి పడిపోతే ఆ ముల్లు వెనక్కి జరగదు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, లోపలికి చుక్క పెట్రోలు వెళ్లదు.

డీజిల్ మిల్లుల కష్టం వేరు. చలికి కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టే డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది. లదాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చిన చలికాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల వరకు పారుతుంది. మామూలు డీజిల్ అక్కడ అంత చలిలో పారదు.

స్టార్ట్ కావడానికి ఈథర్ స్ప్రే కొట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. నాకది ఇష్టం లేదు. ఈథర్ సిలిండరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, స్టార్టింగుకు ముందు సిలిండరును వేడెక్కించే గ్లోప్లగ్గులున్న డీజిల్ ఇంజన్లో అయితే పేలిపోయే ప్రమాదం ఉంది. దానికి బదులు వెచ్చదనం ఇవ్వడం మేలు. బ్యాటరీని రాత్రి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. ఆయిల్ పాన్‌కు అతుక్కునే కరెంటు హీటరు తెల్లవారుజామున వేస్తే తిరగడం, రవ్వ, ఆవిరి మూడూ ఒకేసారి తేలికవుతాయి. చలి కదా అని తలుపులు మూసిన షెడ్డులో మాత్రం ఇంజన్ స్టార్ట్ చెయ్యకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. మినియాపొలిస్, షికాగో, టొరంటో చుట్టుపక్కల గరాజుల్లో మంచు తోసే యంత్రాలు, జనరేటర్లు పెట్టుకున్న మన తెలుగువాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. వాటిలో ఉండేదీ ఇలాంటి ఇంజనే.

అందుకున్న ఇంజన్‌ను వెంటనే ఆపెయ్యకూడదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది, అందులో కొంత పిస్టన్ పక్కలనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితేనే అది బయటికి పోతుంది. రెండు నిమిషాలు తిప్పి ఆపేసే అలవాటుంటే ఆయిల్ మూత కింద పాలమీగడ రంగు నురగ కనిపిస్తుంది. ఆ తేమ గాలి వదిలే గొట్టంలో గడ్డకడితే, లోపలి ఒత్తిడికి సీళ్లలోంచి ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది.

పని ముగిశాక ట్యాంకు నిండా పెట్రోలు పోసి, కుళాయి కట్టేసి, కార్బరేటరులో మిగిలింది కాలిపోయేదాకా ఇంజన్ నడపాలి. బ్లేడు మీద చిలకరించే నీళ్ల ట్యాంకు ఖాళీ చెయ్యాలి. బ్లేడు బిగువు కూడా సడలించాలి. కోతలో వేడెక్కిన నాలుగు మీటర్ల బ్లేడు 30 డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. బిగించి వదిలేస్తే ఆ లాగుడు రాత్రంతా చక్రాల మీద, బేరింగుల మీద ఉంటుంది.